కెనడాలో ఊరు మారిన ఖర్చును పన్నులో తగ్గించుకోవడం ఎలా: టి1-ఎం ఫారం వివరంగా

విండ్సర్‌లో చదువు ముగించి కాల్గరీలో మొదటి ఉద్యోగంలో చేరే కుర్రాడైనా, బ్రాంప్టన్ నుంచి ఎడ్మంటన్‌కి పిల్లాపాపలతో తరలే కుటుంబమైనా, సామాను ట్రక్కు ఎక్కకముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పనికోసం ఇల్లు మారితే, అందుకైన ఖర్చులో చాలా భాగాన్ని కెనడా ఆదాయపన్ను చట్టం మీ ఆదాయంలోంచి తీసేసుకోనిస్తుంది. లెక్క వేసేది టి1-ఎం ఫారంలో. వచ్చిన మొత్తం వెళ్లేది రిటర్నులో 21900 లైనులోకి. ఫిబ్రవరిలో టి4 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం స్లిప్పు) చేతికొచ్చాక గుర్తు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. అప్పటికి సగం రసీదులు ఉండవు, అసలు నష్టమంతా అక్కడే.

ఖర్చుపెట్టిన డబ్బంతా తిరిగి రాదు. 6,000 డాలర్ల ఖర్చు చూపితే పన్ను వేసే ఆదాయం 6,000 తగ్గుతుంది. మీ ఆదాయంలో పై భాగం మీద ఫెడరల్, ప్రావిన్సు కలిపి 30 శాతం పడుతుంటే మిగిలేది 1,800. అయితే పిల్లలున్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. 21900 లైను నికర ఆదాయం కంటే పైన ఉంటుంది కాబట్టి 23600 లైనులోని అంకె కూడా తగ్గుతుంది. పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్‌ను, అమ్మకపు పన్ను భారం తగ్గించేందుకిచ్చే జీఎస్‌టీ క్రెడిట్‌ను ఆ అంకె చూసే లెక్కగడతారు. ఆదాయం ఒక మోస్తరుగా ఉన్న కుటుంబానికి ఈ రెండో లాభం చిన్నదేం కాదు.

అమెరికాలో ఉన్న బంధువులు "అది ఎప్పుడో తీసేశారు కదా" అంటారు. వాళ్ల దగ్గర అది నిజమే. అక్కడ ఫెడరల్ పన్నులో ఈ మినహాయింపు 2018 నుంచి మామూలు ఉద్యోగులకు లేదు. కెనడాలో మాత్రం నిక్షేపంలా ఉంది. అక్కడి 50 మైళ్ల లెక్కలు, వారాల లెక్కలు ఇక్కడికి తెచ్చుకోవద్దు.

మీకు వర్తిస్తుందా

ముందు దూరం చూడాలి. కొత్త ఇల్లు, కొత్త పనిచోటుకు, పాత ఇంటికంటే కనీసం 40 కిలోమీటర్లు దగ్గరగా ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య దూరం చూసి సరిపోయిందనుకుంటారు. ఆ దూరంతో పనే లేదు. పాత ఇంటి నుంచి కొత్త ఆఫీసుకు ఎంతో చూడండి, అందులోంచి కొత్త ఇంటి నుంచి కొత్త ఆఫీసుకు ఎంతో తీసేయండి. 40 గానీ అంతకు మించి గానీ మిగలాలి. పాత ఇంటి నుంచి ఆఫీసు 62 కిలోమీటర్లు, కొత్త ఇంటి నుంచి 25 అయితే తేడా 37. ఇళ్లు రెండూ ఎంత దూరంలో ఉన్నా రాదు.

దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలవరు, జనం మామూలుగా వెళ్లే దారుల్లో అతి దగ్గరి దారి లెక్క. 1995లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఈ సంగతి తేల్చింది. అంచుమీద ఉన్న కేసుల్లో ఇది పనికొస్తుంది. మధ్యలో సరస్సో నదో అడ్డుంటే నేరుగా 33 కిలోమీటర్లే ఉన్నా రోడ్డు మీద 45 కావచ్చు. రెండు దూరాలకూ మ్యాపు తీసి, చిరునామాలు కనబడేలా ప్రింటు చేసి ఫైల్లో పెట్టుకోండి.

రెండోది కారణం. కొత్త చోట ఉద్యోగం, సొంత వ్యాపారం, లేదా కాలేజీలో గానీ యూనివర్సిటీలో గానీ ఫుల్‌టైమ్ చదువు, వీటిలో ఒకదానికోసం మారి ఉండాలి. అదే కంపెనీ వేరే ఊరి ఆఫీసుకు బదిలీ చేసినా చెల్లుతుంది. ఇల్లు ఇరుకైందనో, మంచి స్కూలు కోసమనో, అద్దె తక్కువనో మారి, పని మాత్రం పాత చోటే చేస్తుంటే చెల్లదు. ఉద్యోగంలో చేరిన ఎన్నాళ్లలోపు ఇల్లు మారాలన్న గడువు చట్టంలో లేదు. ముందు ఒక్కరే వెళ్లి చేరి, పిల్లల స్కూలు సంవత్సరం అయ్యాక కుటుంబమంతా మారినా అడగవచ్చు. ఆలస్యం పెరిగేకొద్దీ "పనికోసమే మారాం" అని చూపించాల్సిన భారం మీమీద పెరుగుతుంది.

మూడోది, పనికోసం మారినవాళ్లకు సాధారణంగా రెండు ఇళ్లూ కెనడాలోనే ఉండాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద వచ్చి టొరంటోలో ఉద్యోగంలో చేరినవాళ్ల విమాన టికెట్లు, కార్గో ఖర్చు ఇందులోకి రావు. కొత్తగా వచ్చినవాళ్లకు "టికెట్లు కూడా వేసేయండి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు, ఆ క్లెయిము నిలవదు. కానీ వచ్చాక మొదట టొరంటోలో ఇల్లు తీసుకుని స్థిరపడి, ఎనిమిది నెలల తర్వాత విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చి మారితే ఆ రెండో తరలింపు పూర్తిగా చెల్లుతుంది.

చదువుకునేవాళ్లకు

ఫుల్‌టైమ్ చదువుకోసం ఊరు మారితే, ఆ ఖర్చును పన్ను పడే స్కాలర్‌షిప్పు, రీసెర్చ్ గ్రాంటు లాంటి వాటిలోంచే తీసుకోవాలి. ఫుల్‌టైమ్ విద్యార్థి స్కాలర్‌షిప్పుకు చాలావరకు పన్నే ఉండదు కాబట్టి ఆ దారిలో చాలామందికి మిగిలేది సున్నా. అసలు లాభం వేరేచోట ఉంది. కో-ఆప్ (చదువులో భాగంగా చేసే ఉద్యోగం) కోసమో, వేసవి ఉద్యోగం కోసమో విండ్సర్ నుంచి టొరంటో వెళ్లి ఉంటే, 40 కిలోమీటర్ల పరీక్ష నెగ్గితే, ఆ ఉద్యోగపు జీతంలోంచి తీసుకోవచ్చు. చదువు ముగిశాక మొదటి ఉద్యోగం కోసం మారినప్పుడూ అంతే. మన పిల్లలు ఎక్కువగా వదిలేసుకుంటున్నది దీన్నే. రెండు సూట్‌కేసులు, ఒక పరుపు, బస్సు టికెట్టు అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, లీజు మధ్యలో వదిలినందుకు కట్టిన డబ్బు, కొత్త ఊళ్లో ఇల్లు దొరికేదాకా అద్దె గదిలో ఉన్న రోజులు కలిపితే వేలల్లోకి వెళుతుంది.

ఏమేం వేయవచ్చు

సామాను తరలింపు ముందు. ప్యాకింగ్, మూవర్స్ కూలీ, ట్రక్కు అద్దె, దారిలో స్టోరేజీ, సామానుకు తీసిన ఇన్సూరెన్సు, అన్నీ వస్తాయి. మూవర్స్ బిల్లు చేతికి రాగానే ఒకసారి నిలబడి చదవండి. అందులో మీ పేరు, ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు, ఏ తేదీన, ఎంత, డబ్బు ముట్టినట్టు గుర్తు, ఈ ఐదూ ఉండాలి. ఎస్టిమేటు కాగితం బిల్లు కాదు. అందులో 3,900 ఉండి, చివర్లో మెట్లకనీ బరువుకనీ ఇంకో 700 తీసుకుని ఉంటే, ఆ 700 కాగితం మీద కనబడకపోతే పోయినట్టే. తెలిసినవాళ్ల వ్యాను మాట్లాడుకుని ఈ-ట్రాన్స్‌ఫర్ చేసే అలవాటు మనలో ఎక్కువ. అలాంటప్పుడు డబ్బు తీసుకున్నవాళ్ల చేత పేరు, చిరునామా, తేదీ, చేసిన పని రాయించి సంతకం పెట్టించుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటులో డబ్బు వెళ్లినట్టు మాత్రమే ఉంటుంది, దేనికి వెళ్లిందో ఉండదు.

ప్రయాణం తర్వాతిది. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మీరూ మీ ఇంట్లోవాళ్లూ వెళ్లడానికైన కారు ఖర్చు, భోజనం, దారిలో హోటలు. అందరూ ఒకే రోజు కలిసి వెళ్లాలనేం లేదు.

ఆ తర్వాత తాత్కాలిక బస. పాత ఇంటి దగ్గర గానీ కొత్త ఇంటి దగ్గర గానీ ఉండాల్సి వస్తే గది అద్దె, భోజనం గరిష్ఠంగా 15 రోజులకు వేయవచ్చు. దారిలో గడిచిన రాత్రులు ఈ 15లో కలవవు. స్నేహితుల బేస్‌మెంటులో ఊరికే ఉంటే అద్దె వేయడానికి లేదు, కట్టని డబ్బు ఖర్చు కాదు.

పాత ఇంటి లీజు రద్దుకు కట్టినది వస్తుంది. అక్కడ ఉన్న నెలల అద్దె రాదు. అందుకని ఓనరు ఇచ్చే కాగితంలో "లీజు ముందుగా రద్దు చేసినందుకు" అన్న మాట, మొత్తం, తేదీ విడిగా ఉండేలా అడగండి. అంతా కలిపి "బకాయి" అని రాస్తే విడదీసి చూపడం కష్టం.

చిల్లర ఖర్చుల్లో డ్రైవింగ్ లైసెన్సు మార్పిడి, చట్టపరమైన కాగితాల్లో చిరునామా మార్పు, కరెంటు, గ్యాసు కనెక్షన్లు తీయించడం, పెట్టించడం వస్తాయి.

సొంత ఇల్లున్నవాళ్లకు మొత్తం ఇంకా పెద్దది. పాత ఇల్లు అమ్మినప్పటి ఏజెంటు కమిషన్, లాయరు ఫీజు, ప్రకటన ఖర్చు, గడువుకు ముందే తీర్చినందుకు బ్యాంకు వేసిన మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) పెనాల్టీ, అన్నీ చెల్లుతాయి. మీరు వెళ్లిపోయాక ఆ ఇల్లు ఖాళీగా ఉండి, అమ్మడానికి నిజంగా ప్రయత్నిస్తుంటే, ఆ నెలల మార్ట్‌గేజ్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్సు, హీటింగ్, కరెంటు కలిపి 5,000 డాలర్ల దాకా వేయవచ్చు. అద్దెకిచ్చిన నెలలకు రాదు. పాత ఇల్లు అమ్మి కొత్త ఊళ్లో కొంటే లాయరు ఫీజు, ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ టాక్స్ కూడా వస్తాయి. అద్దె ఇంటి నుంచి వెళ్లి మొదటిసారి కొన్నవాళ్లకు ఈ కొనుగోలు ఖర్చు రాదు. టాక్స్ సాఫ్ట్‌వేర్ అంకె వేసుకోనిస్తుంది, ఆపదు. ఆపేది తర్వాత సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ).

వేయకూడనివి

ఇల్లు వెతుక్కోవడానికి ముందుగా వెళ్లొచ్చిన ప్రయాణం, ఉద్యోగం వెతుక్కోవడానికి తిరిగిన ఖర్చు, ఇంటర్వ్యూ ప్రయాణం. పాత ఇల్లు అమ్ముడుపోవడానికి వేయించిన రంగులు, చేయించిన మరమ్మతులు. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేయించిన డబ్బు. ఇల్లు నష్టానికి అమ్మితే ఆ నష్టం. కొత్త కర్టెన్లు, కార్పెట్లు. మూవర్స్ తీసుకోబోమన్న మొక్కలు, ఫ్రీజర్లోని తిండి, పెయింటు డబ్బాల విలువ. పోస్టాఫీసు మెయిల్ ఫార్వర్డింగ్ ఫీజు కూడా రాదు, ఇది చాలామందికి వింతగా ఉంటుంది. మార్ట్‌గేజ్ డిఫాల్ట్ ఇన్సూరెన్సు, కొత్త ఇంటి మీద పడ్డ హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) సైతం బయటే.

రెండు పద్ధతులు

భోజనానికి, కారుకు మీ ఇష్టప్రకారం ఒక పద్ధతి ఎంచుకోవచ్చు. వివరమైన పద్ధతిలో ప్రతి హోటలు బిల్లు, పెట్రోలు బిల్లు దాచాలి. కారుకైతే పన్నెండు నెలల మొత్తం ఖర్చు వేసి, మొత్తం తిరిగిన కిలోమీటర్లలో ఈ తరలింపుకు తిరిగినవి ఎన్నో ఆ వాటా తీయాలి. సులభ పద్ధతిలో పూటకు 23 డాలర్లు, మనిషికి రోజుకు 69 డాలర్ల దాకా, రసీదులు లేకుండా. కారుకు కిలోమీటరుకు ఇంత అని, ప్రయాణం మొదలైన ప్రావిన్సు రేటు. ఆ రేటు ఏటా మారుతుంది కాబట్టి మీరు మారిన సంవత్సరానికి సీఆర్‌ఏ ప్రకటించిన పట్టికే చూడండి.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు భోజనం విషయంలో సులభ పద్ధతే దాదాపు ఎప్పుడూ మేలు. దారిలో పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లే మనలాంటివాళ్లకు రసీదులు ఎక్కడినుంచి వస్తాయి? రసీదులు అక్కర్లేదంటే రుజువే అక్కర్లేదని కాదు. ఎవరెవరు, ఏ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి, బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ ఓడోమీటర్ అంకె, ఇవి ఒక కాగితం మీద ఆ రోజే రాసి పెట్టుకోండి. హోటలు గదికి మాత్రం ఏ పద్ధతిలోనైనా బిల్లు ఉండాల్సిందే.

ఒక లెక్క

నలుగురున్న కుటుంబం బ్రాంప్టన్ నుంచి కాల్గరీకి కారులో 5 రోజుల్లో, 3,400 కిలోమీటర్లు వెళ్లిందనుకుందాం. మూవర్స్‌కి 4,800. కారుకు, రేటు 60 సెంట్లనుకుంటే, 2,040. దారి భోజనం నలుగురికి 5 రోజులు, రోజుకు 69 చొప్పున 1,380. నాలుగు రాత్రుల హోటలు 600. కాల్గరీలో ఇల్లు దొరికేదాకా 15 రోజులు, రోజుకు 140 చొప్పున గది 2,100, భోజనం 4,140. లీజు రద్దుకు 2,100. లైసెన్సులు, కనెక్షన్లకు 240. మొత్తం 17,400 డాలర్లు.

15 రోజుల భోజనం ఒక్కటే మూవర్స్ బిల్లుకు దగ్గరగా వచ్చింది చూడండి. రసీదుల్లేవని వదిలేసుకునేది సరిగ్గా ఇదే. అలాగని మూడు రోజుల్లో ఇల్లు దొరికినవాళ్లు 15 రోజులు వేయకూడదు. గది బిల్లు తేదీలూ లీజు మొదలైన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు కంపెనీ 5,000 ఇచ్చి, దాన్ని టి4లో ఆదాయంగా చూపలేదనుకుందాం. అది తీసేస్తే మిగిలింది 12,400. టి4 ఆదాయంలో కలిపి ఉంటే తీయక్కర్లేదు, మొత్తం వేసుకోవచ్చు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొన్ని కంపెనీలు బిల్లులడక్కుండా కొంత అలవెన్సు ఇస్తాయి. 650 డాలర్ల దాకా అయితే, అంత ఖర్చయిందని మీరు రాసిస్తే, పన్ను పడదు. దాటిన భాగం టి4లో ఆదాయంగా పడుతుంది.

ఇక అసలు కిటుకు. ఈ 12,400ను కొత్త చోట సంపాదించిన జీతంలోంచో, సొంత వ్యాపారం ఆదాయంలోంచో మాత్రమే తీయాలి. నవంబరు మధ్యలో చేరి డిసెంబరు ఆఖరుకు కాల్గరీలో సంపాదించింది 9,000 అయితే ఈ ఏడు 9,000 వరకే. మిగతా 3,400 వచ్చే ఏడాది కాల్గరీ జీతంలోంచి తీసుకోవచ్చు. బ్రాంప్టన్‌లో జనవరి నుంచి అక్టోబరు దాకా తెచ్చుకున్న జీతం, బ్యాంకు వడ్డీ, ఈఐ (ఉపాధి బీమా) డబ్బులు ఇందుకు పనికిరావు. డిసెంబరులో ఇల్లు మారి జనవరిలో చేరినవాళ్లకు మారిన ఏడాదిలో వచ్చేది సున్నా. అయినా ఆ ఏడాదే టి1-ఎం లెక్క వేసి పెట్టుకుంటే, ముందుకు తీసుకెళ్లే అంకె చేతిలో ఉంటుంది. మరుసటి ఏడు వేరే సాఫ్ట్‌వేర్‌కి, వేరే టాక్స్ మనిషి దగ్గరికి మారితే ఈ అంకె దానంతటది రాదు, మీరే చెప్పాలి.

భార్యాభర్తలిద్దరూ కొత్త ఊళ్లో పని చేస్తుంటే ఎవరైనా చూపవచ్చు, ఒకే బిల్లును ఇద్దరూ చూపకూడదు. సాధారణంగా ఎక్కువ రేటు పడేవాళ్లు వేయడమే లాభం. కొత్త చోట ఆదాయం వాళ్లకు చాలినంత ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.

దాఖలు, ఆ తర్వాత

ఆన్‌లైన్‌లో వేసేటప్పుడు టి1-ఎం గానీ రసీదులు గానీ పంపరు, మీ దగ్గరే ఉంచుతారు. గడువు ఏప్రిల్ 30. మీకు గానీ మీ జీవిత భాగస్వామికి గానీ సొంత వ్యాపారం ఉంటే జూన్ 15, కట్టాల్సిన పన్నుకు మాత్రం అప్పుడూ ఏప్రిల్ 30యే. గతంలో వదిలేసినవాళ్లు పదేళ్ల వెనకటి రిటర్ను వరకు సవరించమని అడగవచ్చు. డిసెంబరు 31 నాటికి క్యూబెక్‌లో ఉన్నవాళ్లు ఆ ప్రావిన్సుకు విడిగా టీపీ-348-వీ ఫారం నింపాలి.

ఈ లైను సీఆర్‌ఏ తరచుగా తిరగేసి చూసేవాటిలో ఒకటి. ఉత్తరం వస్తే కంగారు పడొద్దు, తప్పు చేశారని దాని అర్థం కాదు. అందులో ఇచ్చిన గడువు చూసుకుని, సీఆర్‌ఏ వెబ్‌సైటులోని మై అకౌంట్‌లో ఆ ఉత్తరం రెఫరెన్సు నంబరు మీద అన్నీ ఒకేసారి అప్‌లోడ్ చేయండి. అన్నిటికంటే ముందు, నింపిన టి1-ఎం, తర్వాత కంపెనీ ఉత్తరం (చేరిన తేదీ, పనిచోటు చిరునామా, ఎంత తిరిగిచ్చారో లేక ఏమీ ఇవ్వలేదో), రెండు మ్యాపులు, రెండు ఇళ్ల లీజులు, ఆ తర్వాత బిల్లులు ఫారంలో ఉన్న వరసలోనే. థర్మల్ కాగితం బిల్లులు ఏడాదిలో తెల్లబడిపోతాయి, అందుకే వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి. మొత్తం ఫైలును ఆ పన్ను సంవత్సరం ముగిశాక ఆరేళ్లు ఉంచాలి. కొంత ఖర్చును తర్వాతి ఏడాదికి జరిపి ఉంటే, ఆ ఆఖరి ఏడాది నుంచి లెక్క.

జవాబు పంపకపోతే మొత్తం క్లెయిము కొట్టేసి, తగ్గిన పన్ను వడ్డీతో కట్టమంటారు. కాగితాలున్నా కొట్టేశారనిపిస్తే నోటీసు ఆఫ్ అబ్జెక్షన్ (అభ్యంతర పత్రం) వేయండి. అసెస్‌మెంటు నోటీసు తేదీ నుంచి 90 రోజులు, లేదా ఆ ఏడాది రిటర్ను గడువు తేదీ నుంచి ఒక సంవత్సరం, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే గడువు. గడిచిపోయాక ముందు పొడిగింపు అడగాల్సి వస్తుంది, దానికి మళ్లీ కారణాలు చూపాలి.